మిలటరీ పాత రైఫిల్ కాదు, పంటను కాపాడుకునే హక్కు కావాలి



ఇది కొంచెం పెద్ద పోస్టే. అయినా ఓపికగా చివరిదాకా చదవండి. ఒప్పుకోకపోతే వాదించండి, కానీ చదవకుండా మాత్రం వాదించకండి.

ఈ మధ్య మన పిల్లల ఫోన్లలో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతున్నాయి. అమెరికాలోనో ఇంకో దేశంలోనో ఒకాయన ప్రపంచ యుద్ధం నాటి మిలటరీ రైఫిల్ కొంటాడు. తన షెడ్డులో పెట్టుకుని కట్టె కోస్తాడు, టెలిస్కోపు బిగిస్తాడు, పాలిష్ చేస్తాడు. చివరికి దాన్ని వేట తుపాకీగా మార్చి అడవికి పోయి జింకను కొడతాడు. చూస్తుంటే ముచ్చటగానే ఉంటది. అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండ, చందంపేట దిక్కు తండాల్లో, పెంటల్లో కొందరు తమ్ముళ్లు అడుగుతున్నారు: "మన తాతలు వేటగాళ్లే కదా, మనకూ అసొంటి తుపాకీ ఒకటి ఉంటే తప్పేంది? పందులు పల్లికాయ మొత్తం తవ్వి పోతున్నాయి కదా?"

ఈ ప్రశ్నను తిట్టి పక్కన పెట్టొద్దని మేం అనుకుంటున్నాం. ఇందులో సగం మోజు ఉంది, సగం కడుపుమంట ఉంది. మోజుకు ఒక జవాబు, కడుపుమంటకు ఇంకో జవాబు చెప్పాలె. రెండూ కలిపి చెప్తే పిల్లలు వినరు.

ముందు మోజు సంగతి.

ఆ దేశాల్లో ఈ పని ఎందుకు మొదలైంది? రెండు ప్రపంచ యుద్ధాలు అయిపోయినంక సైన్యాల దగ్గర లక్షల తుపాకులు మిగిలిపోయాయి. ఇంగ్లండు లీ ఎన్‌ఫీల్డ్, జర్మనీ మౌజర్, రష్యా మోసిన్ నాగాంత్, అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్. వాటిని వ్యాపారులు టోకుగా కొని చాలా తక్కువ ధరకు జనానికి అమ్మారు. కొత్త వేట రైఫిల్ కొనలేని రైతు, కూలీ ఆ పాతది కొనుక్కున్నాడు. మిలటరీ రైఫిల్ అంటే బరువు. మూతి దాకా కట్టె, బాయ్‌నెట్ తగిలించే కొస, దూరం కొట్టడానికి పెట్టిన ఇనుప సైట్లు. వేటకు ఇవన్నీ అక్కర్లేదు. అందుకని కట్టె సగానికి కోశారు, బారెల్ తగ్గించారు, టెలిస్కోపు పెట్టుకున్నారు. అంటే అక్కడ ఇది పేదోడి ఉపాయం. యుద్ధం మిగిల్చిన ఇనుమును కూరకు పనికొచ్చేటట్టు చేసుకోవడం.

అక్కడ కూడా అది అడ్డూ అదుపూ లేకుండా సాగలేదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీని చంపింది పోస్టులో తెప్పించుకున్న ఇటలీ మిలటరీ పాత రైఫిల్‌తోనే. ఆ తర్వాత 1968లో అమెరికా చట్టం తెచ్చి పోస్టులో తుపాకుల అమ్మకాన్ని, బయటి దేశాల మిలటరీ పాత తుపాకుల దిగుమతిని కట్టడి చేసింది. ఇంకో విచిత్రం ఉంది. కోసి మార్చిన తుపాకీ కంటే కోయకుండా ఉన్న పాతదానికే ఇప్పుడు అక్కడ సాధారణంగా ధర ఎక్కువ. ఒకప్పుడు రంపం పట్టుకున్నోళ్ల మనవలే ఇప్పుడు కోయని తుపాకీ కోసం వెతుకుతున్నారు.

మరి మన దగ్గర అదే తుపాకీ చరిత్ర ఏంది?

మన దగ్గర లీ ఎన్‌ఫీల్డ్‌ను అందరూ 'త్రీ నాట్ త్రీ' అంటారు. మన తాతలు ఆ తుపాకీని సంతలో చూడలేదు. పోలీసు భుజం మీద చూశారు. బ్రిటిష్ సైన్యం తుపాకీ అది, ఆ తర్వాత మన సైన్యం, పోలీసుల తుపాకీ అయింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 రిపబ్లిక్ డే పరేడ్‌తో దానికి వీడ్కోలు చెప్పారు. అంటే నిన్న మొన్నటి దాకా పనిలో ఉన్న తుపాకీయే.

ఇండియాలో కూడా మిలటరీ రైఫిల్‌ను వేట రైఫిల్‌గా మార్చారు. కానీ ఆ పని చేసింది షెడ్డులో కూర్చున్న పేదోడు కాదు, సర్కారు. మిలటరీ తూటా సామాన్యుడి చేతికి పోవద్దని .303ను జనానికి బంద్ పెట్టారు. పశ్చిమ బెంగాల్ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో లీ ఎన్‌ఫీల్డ్ యంత్రం మీదనే .315 అనే వేరే కొలత రైఫిల్ చేసి లైసెన్సు ఉన్నోళ్లకు అమ్మారు. అది ఎక్కువగా ఎవరి ఇండ్లల్ల కనిపిస్తది? భూస్వాములు, కాంట్రాక్టర్లు, పలుకుబడి ఉన్నోళ్లు. తండాలో ఎన్ని ఇండ్లల్ల ఉందో మీరే లెక్కపెట్టి చెప్పండి.

నల్లమల సంగతే చూడండి. ఫర్హాబాద్ ఒకప్పుడు నిజాం వేట చోటు. దొరలు, నవాబులు, వాళ్ల చుట్టాలు రైఫిళ్లతో వచ్చేది. జంతువు ఎక్కడ నీళ్లు తాగుతదో, ఏ దారిన పోతదో చూపించేది మాత్రం చెంచోడు. తుపాకీ వాళ్లది, ఫొటో వాళ్లది, గోడకు తగిలించిన పులి తల వాళ్లది. అడుగుజాడ చదివే విద్య మాత్రం మనది. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940ల మొదట్లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య తిరిగి 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చు వేశాడు. ఆ కాలం చెంచుల బతుకు ప్రధానంగా గడ్డలు, పండ్లు, ఆకులు, తేనె మీద నడిచింది. విల్లు బాణం ఉంది, వేట ఉంది. కానీ రోజూ మాంసం తిన్న బతుకు కాదు. కాబట్టి "మన జాతి అంటేనే తుపాకీ వేట" అని ఎవడన్నా రీల్ చేస్తే అది మన చరిత్ర కాదు. దొరల చరిత్రకు మన ముఖం అతికించడం.

తుపాకీ మన చరిత్రలో వేరే తీరుగా ఉంది. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ నల్లగొండ జిల్లా. 1946 జూలై 4న కడవెండిలో దొర గూండాల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పుడు కడవెండి నల్లగొండ జిల్లాలోనే ఉండె. ఆ పక్కనే ధర్మాపురం లంబాడీలు తమ భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించారు. జాటోతు ఠాను నాయక్ ఆ పోరాటంలో ప్రాణమిచ్చాడు. వాళ్ల చేతుల్లో మొదట ఉన్నవి కర్రలు, వడిసెలలు, కారం పొడి. తర్వాత కొన్ని భర్మార్లు. మందు, గుండ్లు మూతి నుంచి దట్టించి కాల్చే పాత తుపాకీని మన దిక్కు భర్మార్ అంటారు కదా, అదే. ఎదురుగా దొరల తుపాకులు, రజాకార్ల తుపాకులు, 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత సైన్యం తుపాకులు. ఆ కాలం తాతలు తుపాకీ పట్టింది మోజుకు కాదు, జింకకూ కాదు. భూమికి.

అందుకే ఆ ఇనుప ముక్కను చూసి "వింటేజ్, సూపర్" అనే ముందు, అది ఒకప్పుడు ఎవరి దిక్కు గురిపెట్టి ఉండెనో యాది చేసుకోండి. అంతే మా మాట.

ఇప్పుడు చట్టం. దీన్ని పాటలాగా కంఠతా పెట్టుకోండి.

లైసెన్సు లేకుండా ఏ తుపాకీ ఉంచుకున్నా 1959 ఆయుధాల చట్టం కింద కనీసం 2 ఏండ్లు, 5 ఏండ్ల దాకా జైలు. ఇది 2019 సవరణ తర్వాతి లెక్క. ఇంతకు ముందు కనీసం 1 ఏడాదే ఉండె.

.303 నిషేధిత బోర్. దానికి కలెక్టర్ దగ్గరనో కమిషనర్ దగ్గరనో లైసెన్సు దొరకదు, కేంద్ర హోం శాఖ దాకా పోవాలి. లైసెన్సు లేకుండా నిషేధిత ఆయుధం దొరికితే 7 నుంచి 14 ఏండ్లు.

ఇంకొకటి మన పిల్లలకు అస్సలు తెలియదు. బారెల్ కోసి పొట్టి చేయడం, ఒక రకం తుపాకీని ఇంకో రకంగా మార్చడం విడిగా ఒక నేరం. లైసెన్సు లేకుండా అది చేస్తే కనీసం 7 ఏండ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. అంటే వీడియోలో ఆయన నవ్వుకుంటూ అరగంటలో చేసే పనికి మన దగ్గర మన తమ్ముడి యవ్వనం మొత్తం పోతది. మార్చిన వాడికే కాదు, లైసెన్సు లేకుండా రిపేరు చేసిన కమ్మరి మీద కూడా కేసు అయితది.

దాని మీద 1972 వన్యప్రాణి చట్టం. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. అభయారణ్యంలో వేటాడితే 3 నుంచి 7 ఏండ్లు జైలు, పైన జరిమానా. బండి మీద పోతే బండి కూడా సీజ్.

"దొరికితే దొంగ, దొరక్కపోతే దొర" అన్న సామెత ఉంది కదా. ఈ యవ్వారంలో దొరికేది ఎవడో గమనించండి. పట్నం నుంచి కార్లో వచ్చి "అన్నా, ఒక కొండగొర్రె మాంసం దొరుకుతదా, ఎంతైనా ఇస్త" అనేటోడు దొరకడు. హైవే మీద ఫామ్‌హౌస్‌లో దావత్ చేసుకునేటోడు దొరకడు. తుపాకీ తెచ్చి "నువ్వు ఉంచుకో, నేను వచ్చినప్పుడు ఇద్దువు" అనేటోడు దొరకడు. దొరికేది డిగ్రీ చదివే మన పోరడు. వాడి ఇంట్ల దొరుకుతది, వాడి వేలిముద్రలు దొరుకుతయి, వాడి సెల్ఫీ దొరుకుతది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

కేసు అయినంక ఏమైతదో చెప్పాలా? కానిస్టేబుల్, ఎస్సై, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, ఆర్మీ. మన పిల్లలు తెల్లవారుజామున లేచి పరుగులు పెట్టేది ఈ ఉద్యోగాలకే. వీటన్నిటికీ క్యారెక్టర్ వెరిఫికేషన్ ఉంటది. మార్కులు వచ్చి, రన్నింగ్ కొట్టి, చివర ఒక పాత కేసు దగ్గర ఆగిపోతే ఆ ఇంట్ల ఏడుపు ఎట్లుంటదో ఊహించుకోండి. కోర్టులో చివరికి కొట్టేసినా, ఆ ఏండ్లు తిరిగి రావు. పైగా మనకు ఒక ముద్ర ఉంది. బ్రిటిష్ ఇండియాలో 1871లో కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులన్న చట్టం తెచ్చారు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి లైసెన్సు లేకుండా తుపాకీ పట్టొద్దన్నారు. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మొదటి చట్టం 1952లో పోయింది. చూసే చూపు మాత్రం అంత తొందరగా పోలేదు. ఆ చూపుకు మనమే తుపాకీ సెల్ఫీ అందిస్తే ఎట్ల? కొరివితో తల గోక్కున్నట్టే.

ప్రాణం సంగతి కూడా అనుకోవాలి. పాత తుపాకీ లోపల ఎంత తిన్నదో, ఎంత పగిలిందో పైకి కనబడదు. తూటా సరిగ్గా కూర్చోకపోతే ఆ ఒత్తిడి ముందుకు పోకుండా వెనక్కి, కాల్చేటోడి ముఖం మీదికి వస్తది. లైసెన్సు ఉన్న దేశాల్లో కూడా పాత రైఫిల్‌ను కొలతలు తీసే మెకానిక్‌కు చూపించకుండా పేల్చొద్దని చెప్తారు. మన దగ్గర ఆ మెకానిక్ ఎక్కడ, ఆ గేజీలు ఎక్కడ? ఇక నాటు తుపాకులయితే చెప్పే పనే లేదు. చీకట్లో పొద కదిలితే పంది అనుకుని మనిషిని కొట్టిన వార్తలు పేపర్లలో మీరూ చదివే ఉంటారు.

సరే. మోజుకు జవాబు అయింది. ఇప్పుడు కడుపుమంటకు.

అడవి అంచున పల్లికాయ, మక్క వేసిన రైతు బాధ అబద్ధం కాదు. విత్తనం అప్పు, ఎరువు అప్పు, నాలుగు నెలలు కష్టం. ఒక్క రాత్రి పందుల గుంపు దిగితే పొద్దుగాల చేను ట్రాక్టర్ దున్నినట్టు ఉంటది. మంచె మీద కావలి కాసి, డబ్బా కొట్టి, చుట్టూ పాత చీరలు కట్టి అలసిపోయినోడికి "వన్యప్రాణులను ప్రేమించు" అని పట్నంలో కూర్చున్నోడు చెప్తే కోపం రాదా? వస్తది.

ఆ కోపంలోనే కొందరు చేను చుట్టూ కరెంటు తీగ గుంజుతున్నారు. ఇది తుపాకీ కంటే పెద్ద ప్రమాదం. ఎందుకంటే దీన్ని ఎవరూ ఆయుధం అనుకోరు. ఆ తీగ పంది, మనిషి అని చూడదు. పక్క చేను రైతు, బర్రెలు కాసే పిల్లగాడు, పొద్దుగాల చెంబు పట్టుకుని పోయిన ముసలమ్మ. మనిషి పోతే కరెంటు దొంగతనం కేసుతో ఆగదు, మనిషి ప్రాణం తీసిన కేసు అయితది. నాటు బాంబులు, ఉచ్చులు కూడా అంతే. పంది కోసం పెట్టిన బాంబు ఆవు కొరికి దవడ పగిలితే, ఆ ఆవు ఎవరిది? మనదే.

అయితే చట్టంలో పంట రైతుకు దారే లేదా? ఉంది. మనకు ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదవండి. నిజంగా పంట రక్షణ కోసం మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి, అంటే మన భర్మార్ రకానికి, పౌరుడు లైసెన్సు అడగొచ్చని అందులో ఉంది. అది సరిపోదని అధికారి అనుకుంటే 20 అంగుళాలకు తగ్గని బారెల్ ఉన్న నున్నటి గొట్టం తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. చూశారా? చట్టం రాసినోళ్లకే తెలుసు, అడవి పక్క రైతుకు ఇది అవసరం పడతదని. కానీ ఆ దరఖాస్తు ఫారం చూసిన గిరిజన రైతు ఎంతమంది?

ఇక్కడే ఒక ముడి ఉంది. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల కొత్త తుపాకీ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. అంటే పందుల బాధ ఎక్కడ ఎక్కువో అక్కడే లైసెన్సుకు ఇంకో తాళం. అడవి కాపాడడానికి ఆ తాళం ఉండాలె అంటే మేం కాదనం. కానీ తుపాకీ ఇవ్వలేమని చెప్పినప్పుడు, పంటను కాపాడే పని, నష్టం కట్టే పని సర్కారు తన నెత్తిన పెట్టుకోవాలి. చేతులు కట్టేసి "నీ పంట నువ్వే కాపాడుకో" అంటే అది న్యాయం కాదు. మా కోపం అక్కడ.

అదే చట్టం 11వ సెక్షన్‌లో ఇంకో దారి ఉంది. మనిషి ప్రాణానికో, నిలబడ్డ పంటతో సహా ఆస్తికో జంతువు ప్రమాదంగా మారితే, అధికారి కారణాలు రాసి, దాన్ని వేటాడడానికి అనుమతి ఇవ్వొచ్చు. పులి, చిరుతల లాంటి మొదటి షెడ్యూల్ జంతువులకు నియమాలు ఇంకా గట్టివి. అనుమతి కాగితం ఉంటే అది చట్టబద్ధమైన పని. కాగితం లేకుంటే అదే పని జైలు. తేడా ఒక్క కాగితం. ఆ కాగితం కోసం గ్రామసభ తీర్మానం చేసి అడగడం మన పని.

"మన సంప్రదాయ వేటకు హక్కే లేదా?" అని కొందరు అడుగుతున్నారు. సూటిగా చెప్తాం. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి ఇచ్చింది, తేనె, జిగురు లాంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది, చెంచుల లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు కూడా రాసింది. కానీ 3(1)(ఎల్) క్లాజులో సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుంటూనే, వేటను, వల పన్నడాన్ని మాత్రం పేరు పెట్టి పక్కన పెట్టింది. కాబట్టి "అటవీ హక్కుల చట్టం ఉంది, వేటాడొచ్చు" అని ఎవడు చెప్పినా నమ్మొద్దు.

మినహాయింపులు అసలే లేవా అంటే ఉన్నాయి. నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కులను వన్యప్రాణి చట్టమే 65వ సెక్షన్‌లో కాపాడింది. కర్ణాటక కొడగులో కొడవలకు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకునే మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచి ఉంది. కేంద్రం దాన్ని 2029 అక్టోబర్ 31 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. అది ఉంచుకోవడానికే, వేటాడడానికి కాదు. అయినా చట్టం అందరికీ ఒకే తీరుగా లేదని తెలుస్తుంది కదా. సంఘటితంగా, కాగితం మీద, ఏండ్ల తరబడి అడిగినోళ్ల మాట చట్టం దాకా పోయింది. రీల్స్ చేసినోళ్ల మాట పోలీస్ స్టేషన్ దాకానే పోయింది.

మరి మనం కూడా తుపాకీ మినహాయింపు అడగాలా? మా అభిప్రాయం: వద్దు. ఎందుకంటే నల్లమలలో విల్లుతో ఒక ఉడుమును కొట్టి పిల్లలకు వండిపెట్టే చెంచు కుటుంబం వేరు, టెలిస్కోపు రైఫిల్‌తో రాత్రి లైటేసి కొట్టి మాంసం అమ్మేటోడు వేరు. మొదటి దాంట్లో అడవి మిగులుతది. రెండో దాంట్లో మిగలదు. ఉడుము కూడా పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. కూర కోసం ఉడుమును పట్టిన అడవి బిడ్డకు, చర్మం కోసం పులిని చంపిన స్మగ్లర్‌కు ఒకే సెక్షన్ పెట్టడం అన్యాయమని మేం గట్టిగా అంటాం. ఆ తేడా చట్టం ముందు నిరూపించాలంటే మనం మొదటి రకం మనుషులుగానే ఉండాలి. రైఫిల్ పట్టిన రోజు ఆ వాదన మనమే పోగొట్టుకుంటాం. జింకలు, దుప్పులు తగ్గితే పులి పెంటల మీదికి, పశువుల మీదికి వస్తది. అప్పుడు "మనుషులే అడవికి ప్రమాదం, వీళ్లను బయటికి పంపండి" అనేటోళ్లకు మనమే సాక్ష్యం ఇచ్చినట్టు. మనను అడవి నుంచి కదిలించాలని చూసేటోళ్లు తక్కువ లేరు. వాళ్ల చేతికి మనమే కర్ర ఇవ్వొద్దు.

ఏకలవ్యుడిని విద్య నేర్చినందుకు బొటనవేలు అడిగారు. మన విద్య ఇప్పుడు విల్లు కాకపోవచ్చు. కానీ అడుగుజాడ చూసి ఏ జంతువు, ఎప్పుడు పోయింది, కుంటుతుందా, పిల్లలున్నాయా అని చెప్పే విద్య ఇంకా మన పెద్దల దగ్గర ఉంది. పులుల లెక్కకు, కెమెరాలు పెట్టే పనికి, నిప్పు కాపలాకు ఆ విద్యే కావాలి. దానికి దినకూలి కాదు, పర్మనెంట్ ఉద్యోగం అడుగుదాం. ఆ వేలు మాత్రం ఎవరికీ కోసి ఇవ్వొద్దు, ట్రిగ్గర్ మీద పెట్టి పోగొట్టుకోవద్దు.

చేయాల్సిన పనులు ఇవి. ఎవరి ఊర్లో వాళ్లు మొదలుపెట్టండి.

1. పంట నష్టం అయిన రోజే ఫొటోలు తీయండి. తేదీ పడాలి, చేను మొత్తం కనబడాలి, జంతువు అడుగులు కనబడాలి. అదే రోజు అటవీ, వ్యవసాయ, రెవెన్యూ అధికారులకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట చెల్లదు.

2. ఊరంతా నష్టాల రిజిస్టర్ ఒకటి పెట్టండి. ఎవరి చేను, ఏ పంట, ఎన్ని గుంటలు, ఏ రాత్రి. డిగ్రీ పిల్లలు రాయాల్సిన పని ఇది. రెండు పంటలకు ఈ లెక్క ఉంటే కలెక్టర్ ముందు, ఐటీడీఏ ముందు మన మాటకు బరువు వస్తది.

3. ఆ రిజిస్టర్ ఆధారంగా గ్రామసభ తీర్మానం చేయండి. సోలార్ ఫెన్సింగ్‌కు సబ్సిడీ, నష్టపరిహారానికి గడువు, 11వ సెక్షన్ కింద చర్య. ఈ మూడూ అందులో ఉండాలి.

4. చేను గట్ల చుట్టూ ఆముదం, కుసుమ లాంటి పంటలు వేసి పందులను ఆపే పద్ధతులను రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తున్నారు. అన్నీ పూర్తిగా ఆపవు. కానీ కరెంటు తీగ లాగా ప్రాణాలు తీయవు. మండల వ్యవసాయ అధికారిని ఊరికి పిలిచి అడగండి.

5. ఎవరి ఇంట్లనన్నా తాత కాలం భర్మార్ లైసెన్సు లేకుండా ఉంటే దాచిపెట్టొద్దు, అమ్మొద్దు, బాగు చేయించొద్దు. ముందు వకీలుతో మాట్లాడి, పెద్దమనుషులను వెంట పెట్టుకుని, పద్ధతి ప్రకారం అప్పజెప్పండి. ఒక్కరే తుపాకీ భుజాన వేసుకుని స్టేషన్‌కు పోవద్దు.

6. మనోడి మీద కేసు అయితే పారిపోవద్దు, పైరవీకారుకు పైసలు ఇవ్వొద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలు దొరుకుతాడు. జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది. పట్టుకున్న 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్నది రాజ్యాంగం ఇచ్చిన హక్కు.

7. తుపాకీతో ఫొటో, మాంసంతో ఫొటో పెట్టిన తమ్ముణ్ణి నలుగురిలో తిట్టొద్దు. పక్కకు పిలిచి, కూర్చోబెట్టి, ఈ సెక్షన్లు చదివి వినిపించండి. అవమానిస్తే మొండికేస్తడు, ఆప్యాయంగా చెప్తే వింటడు.

చివరగా మా మాట ఒకటే. పాత మిలటరీ రైఫిల్‌ను కోసి వేట తుపాకీ చేసుకోవడం వేరే దేశంలో ఒకడికి సరదా కావొచ్చు, ఒకప్పుడు అక్కడి పేదోడికి అవసరం కూడా అయి ఉండొచ్చు. నల్లగొండ, పాలమూరు తండాలో, పెంటలో మాత్రం అది ఒక పిల్లగాడి భవిష్యత్తును కోయడమే. మనకు కావాల్సింది ఆ ఇనుము కాదు. పండిన పంట ఇంటికి రావాలె, పోయిన పంటకు పైసలు రావాలె, అడవిలో మన చోటు మనకు ఉండాలె. ఇవి అడగడానికి తుపాకీ అక్కర్లేదు. రిజిస్టర్, తీర్మానం, ఐకమత్యం చాలు.

మీ ఊర్లో పంట నష్టం దరఖాస్తులు ఎన్ని పోయాయో, ఎన్నింటికి జవాబు వచ్చిందో కింద రాయండి. లైసెన్సు కోసం అడిగి తిరిగినోళ్లు ఉంటే వాళ్ల అనుభవం కూడా రాయండి. అందరివి కలిపి ఒక వినతిపత్రం తయారు చేద్దాం.

జై సేవాలాల్! జై ఏకలవ్య! జై భీమ్!